పనుల లెక్కకి సొంతంగా షీట్ కట్టుకున్నాను, ఇప్పుడు ఆ షీటే ఒక పనైంది

తీరికలేనివాడు (మొదటి పోస్టు)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదివి పోతూ ఉంటాను, రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

ఎనిమిది నెలల కిందట రోజువారీ పనులు రాసుకోవడానికి గూగుల్ షీట్స్‌లో ఒక చిన్న పట్టిక మొదలుపెట్టాను. పని పేరు, గడువు, అయిందా లేదా, ఇంకో గడి ఏదైనా రాసుకోవడానికి, అంతే, నాలుగు నిలువు వరుసలు. మొదటి నెల బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ప్రాధాన్యం అని ఒకటి కలిపాను, పడుతుందనుకున్న సమయం ఒకటి, నిజంగా పట్టిన సమయం ఒకటి, ఆ రోజు ఒంట్లో ఓపిక ఎంతుందో ఒకటి (నవ్వకండి), ఆ పైన పాయింట్లు. చిన్న పనికి 5, మధ్యరకానికి 10, పెద్దదానికి 25. పొద్దున ఆరింటికి షీట్‌కి తగిలించిన స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) నాకే ఒక మెయిల్ పంపుతుంది, నిన్నటి స్కోరు, ఈ వారం సగటు, కింద చిన్న చార్టు. ఇవాళ లెక్కపెడితే పదిహేడు వరుసలు, మూడు ట్యాబులు.

మొన్న ఆదివారం ఒక రిపోర్టు రాయాలని కూర్చున్నాను. ముందు షీట్ తెరిచాను. చార్టులో రెండు వారాల గీతలు ఒకే రంగులో కనపడుతున్నాయి, అది సరిచేద్దామని మొదలుపెడితే రెండున్నర గంటలు పోయాయి. రిపోర్టు ముట్టుకోలేదు. ఆ రోజు స్కోరు మాత్రం 85, ఎందుకంటే మధ్యలో మెయిళ్ళకి జవాబులు, ఫైళ్ళు సర్దడం లాంటివి తొమ్మిదో పదో చేసి టిక్కులు కొట్టుకున్నాను. ఒక పని ముందు చేసేసి, తర్వాత దాన్ని షీట్‌లో రాసి, వెంటనే టిక్కు కొట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. సిగ్గుగానే ఉంది.

యాప్‌లు వద్దు, రెండు మూడు వాడి వదిలేశాను. నాకు సొంతంగా కట్టుకున్నదే కావాలి. మీలో ఎవరైనా ఇలా ఇంట్లో తయారుచేసుకున్న పద్ధతి ఏడాదికి పైగా నడిపిన వాళ్ళుంటే, అందులో ఏం ఉంచారు, ఏం పీకేశారు చెప్పండి.

---

రాత్రిపక్షి

బ్రో, పదిహేడు వరుసలంటే అది పనుల జాబితా కాదు, జనాభా లెక్కలు.

నాది ఒక్క టెక్స్ట్ ఫైలు. ఆరేళ్ళుగా అదే. టూడూ డాట్ టెక్స్ట్ అని 2006లో గీనా ట్రపానీ మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, దాన్ని కొంచెం మార్చుకున్నాను. ఒక పనికి ఒక లైను. ముందర బ్రాకెట్లో పెద్ద అక్షరం ఉంటే అది ప్రాధాన్యం, ప్లస్ గుర్తు పెట్టి రాస్తే అది ఏ ప్రాజెక్టుకి చెందిందో, ఎట్ గుర్తు పెడితే ఎక్కడ చేయాలో. అయిపోయిన లైను ముందు చిన్న ఎక్స్. దీనికి సర్వర్ అక్కర్లేదు, లాగిన్ లేదు, ఏ ఎడిటర్లోనైనా తెరుచుకుంటుంది, వెతకడానికి గ్రెప్ (ఫైలులో మాటలు వెతికే కమాండు) చాలు.

ఒక్క సలహా మాత్రం గట్టిగా చెప్తాను, టెక్స్ట్ అయినా షీట్ అయినా. తేదీ ఎప్పుడూ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాయండి, 2024-11-18 లాగా. అలా రాస్తే మామూలు అక్షరక్రమంలో సార్ట్ చేసినా తేదీల వరుసే వస్తుంది. నేను మొదట్లో 03/04 అని రాసేవాణ్ణి, ఆ ఫైలుని ఒకసారి స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కిస్తే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోయింది. 12వ తేదీ దాటినవేమో తేదీలుగా మారకుండా ఉత్త అక్షరాలుగా మిగిలిపోయాయి. సగం తప్పు, సగం అసలు తేదీలే కావు. ఒక రాత్రంతా దానికే పోయింది.

ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ సింక్ పెట్టుకుంటే, రెండింట్లోనూ ఒకేసారి మార్చకండి. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు పుడతాయి, ఏది అసలుదో కనుక్కునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

---

చీటీలడబ్బా

నేను కంప్యూటర్ల మనిషినే కానీ ఈ ఒక్క విషయంలో కాగితం. అరచేతిలో పట్టే అట్టముక్క, రోజుకొకటి. రాత్రి పడుకునే ముందు ఇవాళ్టి అట్టలో మిగిలినవి రేపటి అట్ట మీదకి చేత్తో ఎత్తి రాస్తాను. ఇందులో కీలకం ఆ ఎత్తి రాయడమే.

ఎందుకంటే షీట్‌లో అవ్వని పని దానంతటదే రేపటికి వెళ్ళిపోతుంది, మీకు పైసా శ్రమ ఉండదు. కాగితం మీద అయితే 'పాత ఫొటోలు సర్దాలి' అని మూడు రోజులు వరుసగా రాశాక నాలుగో రాత్రి రాయడానికి చెయ్యి రాదు. అప్పుడు తేల్చుకోవాలి, చేస్తానా, కొట్టేస్తానా. నేను సగం కొట్టేస్తాను. కొట్టేసిన వాటిలో ఒక్కటి కూడా తర్వాత వచ్చి నన్ను పట్టుకున్నది లేదు.

అట్టలన్నీ ఒక డబ్బాలో పడేస్తాను. చార్టులు గీర్టులు లేవు.

---

సున్నాఒకటి

చీటీలడబ్బా గారు చెప్పినదాన్నే మేం డేటాబేసులో చేస్తాం. తీరికలేనివాడు గారూ, మీ షీట్‌లో అసలు లోపం వరుసలు ఎక్కువవడం కాదండీ. గడువు మార్చిన ప్రతిసారీ పాత తేదీ చెరిగిపోతుంది. ఒక పని ఎన్నిసార్లు వాయిదా పడిందో మీ దగ్గర ఎక్కడా లేదు. అన్నిటికంటే విలువైన సమాచారం అదే, దాన్నే మీరు రోజూ మీ చేత్తో తుడిచేస్తున్నారు.

నాది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు. రెండే టేబుళ్ళు. ఒకటి పనులది, అందులో నంబరు, పేరు, అంతే. రెండోది సంఘటనలది: ఫలానా నంబరు పని, ఫలానా సమయానికి, పుట్టింది, వాయిదా పడింది, మొదలైంది, ఆగింది, అయింది, వదిలేశాను. దేన్నీ మార్చను, దేన్నీ చెరపను, కొత్త వరుస కలుపుతాను అంతే. బ్యాంకు పాస్‌బుక్కులో పాత ఎంట్రీ దిద్దరు కదా, కింద ఇంకోటి వేస్తారు, అలాగన్నమాట. ఇప్పుడు పని ఏ స్థితిలో ఉందో కావాలంటే చివరి సంఘటన చూస్తే సరి. మొత్తం ఒకే ఫైలు, కాపీ తీసి దాచుకోవచ్చు.

నా దగ్గర జరిగిన ఒక తప్పు కూడా చెప్తాను, మీ స్క్రిప్ట్‌లోనూ ఉండే అవకాశం ఉంది. వరుసగా ఎన్ని రోజులు పని చేశానో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం రాశాను. రాత్రి పన్నెండు దాటాక చేసిన పని నిన్నటి ఖాతాలో పడుతోంది, తెల్లవారుజామున ఐదున్నర దాటితే గానీ రోజు మారట్లేదు. వారం రోజులు అర్థం కాలేదు. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, నేనేమో దానికి ఐదున్నర గంటలు ముందున్నాను. సమయాన్ని యూటీసీలోనే దాచండి, రోజుల కింద విడగొట్టేటప్పుడు మాత్రం మన టైంజోన్‌కి మార్చి విడగొట్టండి. షీట్స్‌లో అయితే షీట్ టైంజోన్ ఒకచోట, స్క్రిప్ట్ ప్రాజెక్టు టైంజోన్ ఇంకోచోట ఉంటాయి, రెండూ ఒకటేనా చూసుకోండి.

---

తీరికలేనివాడు

సున్నాఒకటి గారూ, చూశాను. షీట్ సరిగ్గానే ఉంది, స్క్రిప్ట్ వేరే టైంజోన్‌లో ఉంది! మెయిల్ 'ఆరింటికి' అని నేను మొదట్లో చాలా తంటాలు పడి సెట్ చేసింది ఇందుకే అన్నమాట.

వాయిదాల మాట నిజం. కానీ పాయింట్లు తీసేయాలంటే మనసొప్పట్లేదు. పొద్దున్నే ఆ అంకె చూస్తే ఒక కిక్కు. తీసేస్తే మళ్ళీ అసలు షీట్ తెరవనేమోనని భయం.

---

ముల్లుగడియారం

ఆ కిక్కే మిమ్మల్ని ముంచింది. 1975లో చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త ద్రవ్య విధానం గురించి ఒక మాట అన్నాడు, దాన్ని ఇప్పుడు అందరూ గుడ్‌హార్ట్ సూత్రం అంటారు. కొలమానాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే అది కొలమానంగా పనికిరాకుండా పోతుంది, టూకీగా అదీ సంగతి. బ్యాంకులకి వర్తించిందే మీ 85కీ వర్తిస్తుంది. చేసేశాక రాసి టిక్కు కొట్టానన్నారు చూడండి, అది అక్షరాలా ఇదే.

నేనూ పడ్డాను ఆ గోతిలో. పొమొడోరో పద్ధతి తెలుసుగా, 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టాడు, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. నేను రోజుకి పన్నెండు లక్ష్యం అని పెట్టుకున్నాను. రెండు వారాల్లో ఏమైందంటే టైమర్ మోగగానే వాక్యం మధ్యలో వదిలేసి లేచిపోయేవాణ్ణి, తేలికైన పనులకి టైమర్ పెట్టి పన్నెండు నింపేవాణ్ణి, ఆలోచించాల్సిన పనికి టైమర్ పెట్టడమే మానేశాను ఎందుకంటే అది లెక్కలో ముందుకి జరగదు. టైమర్ తప్పేం లేదు, నేను దాన్ని మీటరు చేశాను.

కొలవాలని ఉంటే పాయింట్లు కాదు, అంచనాకీ అసలుకీ తేడా కొలవండి. మీ షీట్‌లో ఆ రెండు వరుసలూ ఆల్రెడీ ఉన్నాయి కదా, పదిహేడింటిలో ఉంచాల్సినవి అవే. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. ఇదివరకు ఇలాంటి పనులకి ఎంత పట్టిందో తెలిసి కూడా ఈసారికి మాత్రం తక్కువే పడుతుందనుకుంటాం. నా అంకె 1.8. అంటే గంట అనుకున్న రాతపని నాకు గంటా నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది, నెలల తరబడి చూశాను, పెద్దగా మారదు. ఫోన్ కాల్స్ మాత్రం 0.5, అనుకున్నదానిలో సగంలో అయిపోతాయి, కానీ వాటినే రోజుల తరబడి వాయిదా వేస్తాను. ఈ అంకె పెంచుకుంటే ఎవరూ చప్పట్లు కొట్టరు, అందుకే అందులో మోసం చేయాలనిపించదు.

---

ఇల్లూఆఫీసూ

అన్నీ చదివాను. ఒక మాట అడగనా? మీ పద్ధతులన్నీ రోజు మొత్తం మన చేతిలో ఉందనుకుని కట్టినవే. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటి నుంచే ఉద్యోగం. నేను రాసుకున్న పనుల కంటే రాసుకోని పనులే ఎక్కువ. రాత్రి చూస్తే నాలుగింటిలో ఒకటి అయ్యుండేది, 'రోజంతా ఏం చేశాను' అని ఏడుపొచ్చేది.

అందుకని బోర్డు పెట్టాను, తుడిచే రకం. ఎడమవైపు 'చేయాల్సినవి', మధ్యలో 'చేస్తున్నవి', కుడివైపు 'అయినవి'. టయోటా ఫ్యాక్టరీలో తైచి ఓనో తెచ్చిన కాన్‌బాన్ (కార్డులతో పని నడిపే పద్ధతి) నుంచి వచ్చిందే ఈ బోర్డు ఆలోచన, మీ అందరికీ తెలిసిందే. కానీ చాలామంది మూడు గడులు గీసి ఊరుకుంటారు, అసలు కిటుకు మధ్యగడిలో ఎన్ని ఉండొచ్చు అన్న పరిమితిలో ఉంది. నాది రెండు. ఆఫీసుది ఒకటి, ఇంటిది ఒకటి. మూడోది పెట్టాలంటే ఒకటి అవ్వాలి, లేదా వెనక్కి పోవాలి.

దాని కింద ఒక గీత గీసి, అనుకోకుండా వచ్చిపడ్డ ప్రతి పనికీ ఒక చిన్న గీటు. ఏం పనో రాయను, గీటు మాత్రమే. అంత టైము ఉండదు. మొదటి వారం రోజుకి పద్నాలుగు, పదహారు పడ్డాయి. అది చూశాక ఏడుపు ఆగింది, పైగా మా ఆయనకి చూపించడానికి పనికొచ్చింది. ఇప్పుడు సాయంత్రం నాలుగు తర్వాత గీట్లు ఆయన ఖాతా.

తీరికలేనివాడు గారూ, మీ 85లో ఈ గీట్లు ఎన్నో ఒకసారి చూసుకోండి.

---

నిన్నటికొత్తవాడు

ఇంత గోల ఎందుకండీ, రెడీమేడ్ యాప్‌లు బోలెడున్నాయి, ఉచితంగా కూడా. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టుంది.

---

రాత్రిపక్షి

నేను మొదట వాడిన యాప్ ఒకటి ఉన్నట్టుండి మూసేశారు. ఎక్స్‌పోర్ట్ ఇచ్చారు కానీ ఇచ్చిన ఫైలులో తేదీలు లేవు, అయినవీ కానివీ కలిసిపోయాయి. అప్పట్నుంచీ ఇలా. నచ్చిన యాప్ దొరికితే హాయిగా వాడుకోండి, కానీ మొదటిరోజే ఎక్స్‌పోర్ట్ తీసి తెరిచి చూడండి.

---

పాతనోటుపుస్తకం

ఒక చిన్న విషయం ఎవరూ అనలేదు. పని పేరు ఎలా రాస్తున్నారు? 'రిపోర్టు' అని రాస్తే అది పని కాదు, ఒక బెంగ. 'రిపోర్టులో రెండో భాగానికి అంకెలు తెప్పించాలి' అంటే పని. నేను క్రియ లేని లైను ఉంటే ఆ రోజు అది ఒప్పుకోను.

ఇది ఉత్త చాదస్తం కాదు. పూర్తికాని పనులు మనసులో మెదులుతూ ఉంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లో రాసింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ ఇంకో అడుగు వేసి చూస్తే, ఆ మెదలడం తగ్గడానికి పని పూర్తే అవ్వక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయంగా అనుకున్నా తగ్గుతుందని తేలింది. మీ షీట్‌లో పదిహేడు వరుసలున్నా 'తర్వాతి అడుగు' అనే వరుస లేదు, గమనించారా.

---

తీరికలేనివాడు

గమనించలేదు. ఇప్పుడు వెళ్ళి చూశాను, లేదు. 'రిపోర్టు' అనే రాసుంది, అదీ ఒకే మాట. 25 పాయింట్లు.

సరే, నిన్న రాత్రి కూర్చుని కొత్త ట్యాబు మొదలుపెట్టాను. ఐదే నిలువు వరుసలు: ఏ రోజుకి, పని (క్రియతో), అంచనా నిమిషాలు, పట్టిన నిమిషాలు, వాయిదాలు. పాతదాన్ని దాచిపెట్టాను, తీసేయలేదు. మెయిల్ ఆపేశాను. ఇందాక రాసుకున్న మొదటి పని ఇది:

2024-11-18 | రిపోర్టు రెండో భాగానికి అంకెలు అడగాలి | 10 | – | 0

వాయిదాలు చేత్తో పెంచుతుంటే మర్చిపోతున్నాను. తేదీ మార్చగానే దానంతటదే ఒకటి పెరిగేలా చేయొచ్చా?

---

సున్నాఒకటి

చేయొచ్చు, పది లైన్లు. స్క్రిప్ట్‌లో ఫంక్షన్‌కి ఆన్‌ఎడిట్ (onEdit) అని పేరు పెడితే చాలు, మీరు ఏ గడి మార్చినా అదే నడుస్తుంది. అందులో మూడు చూడండి: మారింది ఈ ట్యాబులోనేనా, తేదీ నిలువు వరుసలోనేనా, కొత్త తేదీ పాతదాని కంటే తర్వాతదేనా. మూడూ అవునంటే ఆ పనికి ఎదురుగా ఉన్న వాయిదాల గడికి ఒకటి కలపండి. పాత విలువ ఆ ఫంక్షన్‌కి అందే ఈవెంట్‌లోనే (మార్పు వివరాల్లోనే) వస్తుంది, కానీ ఒక్క గడి మార్చినప్పుడే వస్తుంది. ఐదు గడులు ఒకేసారి పేస్ట్ చేస్తే పాత విలువ ఉండదు, లెక్క తప్పుతుంది. కాబట్టి ఒక్కొక్కటే మార్చండి. ఆ చిన్న విసుగు మంచిదే, చీటీలడబ్బా గారి ఎత్తిరాత లాంటిది.

ఇంకోటి, పాత విలువ తేదీ రూపంలో రాకపోవచ్చు, నలభై వేల పైచిలుకు అంకెలా కనిపిస్తే కంగారు పడకండి. స్ప్రెడ్‌షీట్లు తేదీని లోపల రోజుల లెక్కగానే దాచుకుంటాయి. ఫోనులో షీట్స్ యాప్ వాడితే మీరు పెట్టిన కస్టం మెనూలు కనపడవు, అందుకే మెనూ జోలికి పోవద్దు, ఏం చేసినా గడిలో మార్పుతోనే జరిగేలా పెట్టుకోండి.

---

ముల్లుగడియారం

మూడు వాయిదాలు దాటితే గడి ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. మీకు రంగులంటే ఇష్టం కదా, ఈ ఒక్కదానికి అనుమతిస్తున్నాం.

---

తీరికలేనివాడు

(మూడు వారాల తర్వాత)

చెప్పకుండా మాయమైనందుకు సారీ. షీట్ నడుస్తోంది, ఐదు వరుసలే. ఆరోది కలపాలని రెండుసార్లు చెయ్యి దురదపెట్టింది, ఆగాను.

ఈ మూడు వారాల్లో రాసినవి 41. అందులో మూడు కంటే ఎక్కువసార్లు వాయిదా పడి ఎర్రబడ్డవి పదకొండు. ఆ పదకొండూ విడిగా తీసి ఒక చోట పెట్టి చూశాను. నేనేదో కష్టమైన పనులు తప్పించుకుంటున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను, నన్ను నేను బద్ధకస్తుడినని తిట్టుకున్నాను కూడా. కాదు. పదకొండులో ఎనిమిదింటికి ఎవరో ఒకరిని ఏదో ఒకటి అడగాలి. ఫోన్ చేసి కనుక్కోవాలి, గుర్తుచేయాలి, ఇవ్వమనాలి. ఒక్కడినే కూర్చుని చేసే పెద్ద పనులు రెండే ఉన్నాయి వాటిలో.

రిపోర్టు అంకెలు ఆరుసార్లు వాయిదా పడ్డాయి. అంచనా పది నిమిషాలు. మా టీంలో ఒకావిడ దగ్గర ఉన్నాయవి, ఇదివరకు ఒకసారి అడిగితే విసుక్కున్నట్టు అనిపించింది, అంతే, మళ్ళీ అడగాలంటే ఏదో బెరుకు. ఏడో రోజు ఆ ఎర్రగడి చూస్తూ మెసేజ్ పెట్టాను, నాలుగు నిమిషాల్లో ఫైలు వచ్చేసింది, 'మొన్నే రెడీ చేసి పెట్టాను, మీరు అడగలేదని ఊరుకున్నాను' అని. రిపోర్టు ఆ సాయంత్రమే అయిపోయింది. పాత షీట్‌లో అది ఐదు వారాలుంది, దాన్ని చూస్తూ నేను చార్టుకి రంగులు వేసుకున్నాను.

ఇప్పుడు పొద్దున్నే మొదట అడగాల్సినవన్నీ అడిగేస్తున్నాను, ఇరవై నిమిషాల్లో నాలుగైదు అయిపోతాయి. నా అంచనా అంకె కూడా చూశాను ముల్లుగడియారం గారూ, 2.1. మీకంటే అధ్వాన్నం.

ఇల్లూఆఫీసూ గారి గీట్లు కూడా వారం పెట్టి చూశాను, రోజుకి ఆరేడు. అందులో సగం నేనే పిలిచి తెచ్చుకున్నవి, మెయిల్ తెరిచి.

---

ఇల్లూఆఫీసూ

ఆరేడేనా! మీరు అదృష్టవంతులు. నావి ఇప్పుడు తొమ్మిదికి దిగాయి, పండగ చేసుకుంటున్నాం.

---

చీటీలడబ్బా

మీ పోస్టు చదివి నా డబ్బా తీసి పాత అట్టలు తిరగేశాను. నేను గర్వంగా కొట్టేశానన్న వాటిలో కూడా 'ఫలానా వాళ్ళకి ఫోన్ చేయాలి' అన్నవే ఎక్కువ. కొట్టేయకుండా ఉండాల్సినవి రెండు మూడు కనిపించాయి. ఒకాయనకి ఇందాకే ఫోన్ చేశాను.

---

తీరికలేనివాడు

ఇవాళ ఒక పని తీసేశాను. 'పాత చార్టులో రంగులు సరిచేయాలి', ఏడు వాయిదాలు.

---

సున్నాఒకటి

తీసేయకండి మాస్టారూ! 'వదిలేశాను' అని గుర్తు పెట్టి ఉంచండి, ఆర్నెల్ల తర్వాత ఎన్ని వదిలేశారో లెక్క కావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది? కంట్రోల్ జెడ్ కొట్టండి వెంటనే.